మూడో నంబరు పుస్తకం

కళ్లజోడు లేకుండా ఈవిడ ఏం చదువుతుంది? విశ్వవిద్యాలయ గ్రంథాలయం మెట్లెక్కుతూ కంట్రోలర్ గారు బుర్ర బద్దలు కొట్టుకుంటున్నది దీని గురించే. బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరై రెండేళ్లయినా వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఇంట్లో కంట్రోలు ఎవరి చేతిలో ఉందో మాత్రం చెప్పడం కష్టం. ప్రతి శనివారం "లైబ్రరీకి వెళ్లొస్తా" అంటూ బయల్దేరే భార్య ఇవాళ కళ్లజోడు ఫ్రిజ్ మీద వదిలేసింది. అది లేకపోతే ఆవిడకు పాలప్యాకెట్ మీద తేదీ కూడా కనబడదు.

గేటు దగ్గర కార్డు అడిగారు. లేదని చెప్పడంతో సెక్యూరిటీ మనిషి ఒక చీటీ రాసిచ్చి, చేతిసంచీ పక్కనున్న కౌంటర్లో పెట్టించాడు. మొదటి అంతస్తులో పత్రికలు, రెండో అంతస్తులో కంప్యూటర్లు, ఆ పైన ఎవరూ ముట్టుకున్నట్టు లేని లావుపాటి పరిశోధన గ్రంథాలు. ఎటు చూసినా తలలు వంచుకున్న పిల్లలే. ఆవిడ జాడ లేదు. ఒకచోట "అమ్మాయ్, మా ఆవిడ..." అనబోతే నలుగురు ఒక్కసారిగా "ష్!" అన్నారు. డిపోలో బస్సులన్నిటినీ ఈలతో గడగడలాడించిన మనిషి కిక్కురుమనకుండా కిందికి దిగొచ్చారు.

"ఏం కావాలి బాబాయ్ గారూ?" కౌంటర్లో అమ్మాయి అడిగింది.

"మా ఆవిడ కావాలమ్మా. ఆకుపచ్చ గొడుగు, కాస్త కుంటుతూ నడుస్తుంది."

"ఓ, మూడో నంబరు పుస్తకమా! ఇంకొకళ్లు చదువుతున్నారండీ, కూర్చోండి. బయటికివ్వం, ఇక్కడే చదువుకోవాలి."

"పుస్తకం కాదు తల్లీ, మనిషి. నేను కట్టుకున్న మనిషి."

"శనివారాలు మేం మనుషుల్నే ఇస్తాం బాబాయ్ గారూ," అంటూ ఆ అమ్మాయి వివరించింది. గ్రూపు చర్చల కోసం కట్టిన అద్దాల గదుల్లో కొందరు మనుషులు కూర్చుంటారు. కావలసినవాళ్లు ఎదురుగా కూర్చుని, అరగంటసేపు వాళ్ల బతుకు గురించి అడిగి తెలుసుకోవచ్చు. ఒకటో నంబరు జైలు వార్డరు. రెండో నంబరు చూపు పోయాక ఈత నేర్చుకున్నావిడ. మూడో నంబరుకే గిరాకీ, హాస్టలు పిల్లలు వరస కడతారట.

ఆయన కౌంటర్ పక్కనున్న బోర్డు చూశారు. మూడో నంబరు ఎదురుగా "ఒంటరిగా బతకడం" అని రాసి ఉంది.

"ఇదెవరో పొరపాటున రాశారమ్మా. ఆవిడకి మొగుడున్నాడు. నేనే!"

"పుస్తకం పేరు ఆవిడే పెట్టుకున్నారండీ," అంది ఆ అమ్మాయి ఇబ్బందిగా. తర్వాత టోకెన్ ఇచ్చింది. "ఒకటే రూలు. పుస్తకం మాట్లాడేటప్పుడు మధ్యలో అడ్డు తగలకూడదు."

ఈ రూలు ఇంట్లో ఎన్నడూ అమల్లో లేదు. తన వంతు వచ్చేదాకా ఆయన బెంచీ మీద కూర్చుని బోర్డుకేసే చూశారు. తను ఉన్నట్టా, లేనట్టా? పొద్దున ఇద్దరూ కలిసే కాఫీ తాగారు కదా!

అద్దాల గదిలో ఆయన్ని చూసి ఆవిడ ఉలిక్కిపడింది. "మీరా?"

ఆయన జేబులోంచి ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఒంటరి అని రాయించావేంటి? నలుగురూ ఏమనుకుంటారు? నేను పోయాననుకోరూ?"

"చదవడానికొచ్చారా, తగువుకొచ్చారా?"

"తెలీదు," అన్నారాయన. అది నిజమే.

"చదవడానికైతే ప్రశ్న అడగండి."

అడగబోతే ఒక్కటీ తట్టలేదు. తాళాలెక్కడ, గ్యాస్ వచ్చిందా, వంటయిందా. ఇన్నేళ్లలో ఆవిడని అడిగినవి ఇవే. ఆయనకు సిగ్గేసింది.

"ఎప్పట్నుంచి?" అన్నారు చివరికి. పెళ్లయిన రోజునుంచీ అంటుందేమో అనుకున్నారు.

"మీరు రిటైరైన దగ్గర్నుంచి."

"అదేంటి! అప్పట్నుంచి రోజంతా నీ ఎదురుగానే..."

ఆవిడ చెయ్యెత్తింది. రూలు గుర్తొచ్చి ఆయన నోరు మూసుకున్నారు.

"డ్యూటీ ఉన్నన్నాళ్లూ మీరు సాయంత్రం ఇంటికొచ్చేవారు. పక్కింటి గొడవ, నా మోకాలి నొప్పి, ఏదో పిచ్చి ఆలోచన, అన్నీ మీకు చెప్పాలని పోగేసుకునేదాన్ని. మీరు బూట్లు విప్పుకుంటూ ఊ కొట్టేవారు. ఇప్పుడేదైనా చెప్పబోతే 'నేనిక్కడే ఉన్నాగా, చూశాగా' అంటారు. మీరెక్కడికీ వెళ్లరు. వెళ్లని మనిషి తిరిగెలా వస్తాడండీ?"

ఆయనకు కోపం రాలేదు. భయమేసింది. ఇంటిపట్టున ఉండి ఆవిడకు తోడవుతున్నానని రెండేళ్లుగా అనుకుంటున్నారు. తోడుంటేనే ఒంటరితనమైతే మనిషి ఏం చెయ్యాలి? అద్దం అవతల తర్వాతి కుర్రది టోకెన్ పట్టుకుని నిలబడింది.

ఆయన లేచారు. ఇంటికెళ్తే మళ్లీ అదే కుర్చీ. "నేనలా... బయటికెళ్తాను. సాయంత్రం ఇంటికొస్తా."

ఎక్కడికెళ్లాలో మాత్రం ఆయనకే తెలీదు. తలుపు సగం తెరిచాక వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఎన్నింటికొస్తారు?"