జాయిస్ ప్రధానానికి డొక్క రోస్టు

చిల్లకల్లు చర్చి వీధిలో ఎవరింట శుభకార్యమైనా ఇప్పుడు బిర్యానీ కాంట్రాక్టుకి ఇచ్చేసి చేతులు దులుపుకుంటున్నారు. ఏలీయా ఇంట మాత్రం ఆ పప్పులుడకవు. అక్కడ డొక్క రోస్టు ఉండి తీరాలి. అంటే పెద్దమాంసంలో పక్కటెముకల వరస మొత్తం, ముక్కలు కొట్టకుండా పలకలా ఉంచి, పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చింది. ఏలీయా తండ్రి ఒకప్పుడు మిషను బంగళాలో దొరలకి వంట చేసినవాడు. దొరలు పోయారు, బంగళా కూలిపోయింది, ఆయన కొడుక్కి మిగిల్చిన ఆస్తి ఈ వంటొక్కటే. దానికో కట్టుబాటు కూడా పెట్టిపోయాడు మహానుభావుడు. డొక్కని ఇంటిపెద్దే కాల్చాలి. మొదటి ఎముక ఇంటిపెద్దే విరిచి, అందరి ముందూ తను కొరికాకే చుట్టాలు చెయ్యి పెట్టాలి. పెద్ద కొరకలేదంటే ఆ సంబంధం ఆయనకి సమ్మతం కాదని లెక్క.

శనివారం ఏలీయా కూతురు జాయిస్ ప్రధానం. ఆ పిల్ల నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. పెళ్లికొడుకు బెన్ని అదే స్కూల్లో లెక్కల మాస్టారు. వాళ్లిద్దరూ ఎప్పుడో ఒక మాట అనుకున్నారు గానీ, బెన్ని తండ్రి ఫ్రాన్సిస్ రిటైరైన హెడ్మాస్టరు. పాలేరు కూతురు మా ఇంటి కోడలా అని రెండేళ్లు నాన్చి నాన్చి, పిల్లని ఏడిపించి ఏడిపించి, మొన్న ఈస్టరు తర్వాత తలూపాడు. నిలువుగా ఊగిన తల అడ్డంగా ఊగడానికి ఎంతసేపు? ఏలీయా భయమంతా అదే. అందుకే ఫ్రాన్సిస్‌కి తనే ఫోన్ చేసి, "మా ఇంటి డొక్క రోస్టు తినిపిస్తానండి బావగారూ, జన్మలో మర్చిపోరు" అని గొప్పగా చెప్పాడు.

చెప్పినవాడు ఊరుకోలేదు. జగ్గయ్యపేట వెళ్లి మస్తాన్ కొట్లో ముందుగానే పురమాయించి వచ్చాడు.

"గేదెది నాకొద్దురా మస్తానూ. ఎద్దుదే కావాలి. బాగా మేపిన ఒళ్లయ్యుండాలి."

"ఎద్దులెక్కడున్నయి మామా ఇప్పుడు? అందరికీ ట్రాక్టర్లేనాయె."

"నువ్వు తల్చుకుంటే దొరకదా? పిల్ల ప్రధానంరా."

అలా అడిగి తెచ్చుకున్నాడు. ఎవరో బలవంతపెడితే వచ్చింది కాదు.

శనివారం పొద్దున్నే మస్తాన్ మనిషి డొక్క దింపి వెళ్లాడు. చక్కటి సరుకు, కొవ్వు తెల్లగా వెన్నలా ఉంది. ఏలీయా పెరట్లో పీట వేసుకుని, అల్లం వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసం కలిపిన ముద్ద పట్టించడం మొదలెట్టాడు. పైవైపు అయ్యాక తిరగేసి, లోపలివైపు ఒక్కో ఎముక వెంట వేలు పోనిస్తూ రుద్దుతున్నాడు. నాలుగో ఎముక దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడ ఎముక మీద చెరుకు గణుపులా ఒక బుడిపె ఉంది.

ఆ బుడిపె ఆయనకి తెలుసు. తోలు మీది నుంచి తెలుసు. రోజూ కడిగేటప్పుడు, కొబ్బరిపీచుతో రుద్దేటప్పుడు, ఎడంవైపు అదే చోట చేతికి తగిలేది.

ఏలీయా తిరుపతిరావుగారి పాలేరు. రావుగారికి పొలంలో ట్రాక్టరున్నా, పేరు కోసం బండలాగుడు పందేలకి ఒంగోలు జోడీ ఒకటుండేది. పాలోడు, చుక్కోడు. ఉలవలు ఉడకేసి పెట్టిందీ, పందెం ముందు రాత్రి పక్కన పడుకుందీ ఏలీయా. ప్రైజు పట్టుకుని ఫొటో దిగింది రావుగారు. ఒకసారి కంచికచర్ల పందెంలో బండ గొలుసు తెగి, కాడి ఎగిరి కొట్టి పాలోడి డొక్కలో ఎముక విరిగింది. నల్లేరు నూరి, పసుపు కలిపి, దుప్పటి చించి కట్టుకట్టి, చంటిపిల్లాడికి చేసినట్టు చేసి లేపాడు ఏలీయా. ఎముక అతికింది. అతికినచోట గణుపు కట్టింది. ఆ తర్వాత ఇంకెన్ని బండలు లాగాడో పాలోడు. లాగలేని రోజు వచ్చినప్పుడు రావుగారు ఏలీయా భుజం మీద చెయ్యేసి, "వీడు మన కొట్టంలోనే పోవాలిరా, మన చేలోనే పాతిపెడదాం" అన్నాడు. ఏలీయా ఆ మాటని బైబిలు వాక్యంలా నమ్మాడు.

మొన్నొక పొద్దున కొట్టానికి వెళ్తే పాలోడి కట్టుకొయ్య ఖాళీగా ఉంది. "గోశాలకి పంపించా. అక్కడ డాక్టరుంటాడు, సుఖపడతాడు" అన్నాడు రావుగారు. చివరిసారి ఒక్క చూపు చూడనివ్వలేదే అని గుండె కలుక్కుమన్నా, ఏలీయా ఇంటికొచ్చి భార్య లూర్దమ్మతో కలిసి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు. పిచ్చివాళ్లు.

మసాలా చేత్తోనే మస్తాన్‌కి ఫోన్ చేశాడు.

"ఎవరిదిరా ఎద్దు?"

"బాగలేదా మామా?"

"ఎవరిదని అడుగుతున్నా!"

మస్తాన్ గొంతు తగ్గించాడు. "మీ రావుగారిదే. నువ్వు ఎద్దే కావాలన్నవని నాలుగూళ్లు కబురు పెట్టా. ఆయనే ఫోన్ చేసి తోలుకుపొమ్మన్నడు. మా ఏలీయాకి మాత్రం తెలియనీకు, బాధపడతాడు అన్నడు. అడిగింది ఏలీయానే అని నేనెట్ట చెప్పేది? రెండోది, ఆ చుక్కోడిని కూడా ఇచ్చేస్తాడంట మామా. ఒంటెద్దుని మేపి ఏం చేస్తనన్నడు."

ఫోన్ చేతిలోంచి జారి బూడిదలో పడింది. వెతికింది తను. నోరు తెరిచి అడిగింది తను. అడక్కపోయుంటే పాలోడు ఇవాళ కొట్టంలో నెమరేస్తూ ఉండేవాడు.

లూర్దమ్మ వచ్చి చూసింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, ఆ బుడిపె మీద పెట్టాడు. ఆ దుప్పటి చించి ఇచ్చింది ఆమే. అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని గోడవారన కూలబడిపోయింది.

"పాతిపెడదామే" అన్నాడు ఏలీయా. "దిబ్బ పక్కన గొయ్యి తీస్తా. వచ్చినోళ్లకి కోళ్లు కోద్దాం."

చాలాసేపటికి లూర్దమ్మ మొహం తుడుచుకుంది. "ఫ్రాన్సిస్ గారికి ఏం చెప్తావయ్యా? చెప్పుకోలేని కారణం ఏం చెప్తావు? పాలేరోడు మాట మీద నిలబడలేదంటాడు. ఎప్పుడు సందు దొరుకుద్దా అని చూస్తున్నాడాయన."

"నా వల్ల కాదు లూర్దూ. నేనెట్టా కొరకను?"

"నువ్వు కొరక్కపోతే నీకిష్టం లేదనుకుంటారు. లోపల పిల్ల చీరకి కుచ్చిళ్లు పెట్టుకుంటా పాడుకుంటంది, విను." అని, ఏడుస్తూనే, "పాలోడు ఎటూ తిరిగి రాడు" అంది.

ఏలీయా విన్నాడు. జాయిస్ నిజంగానే పాడుకుంటోంది. ఈ రెండేళ్లలో ఆ గొంతులో పాట విన్న గుర్తు లేదు. లేచి పొయ్యి రాజేశాడు.

డొక్క రోస్టుకి తొందర పనికిరాదు. పెద్ద ఇనప మూకుడులో డొక్కని బోర్లించి, మూతపెట్టి, మూత మీద నిప్పులు పోసి, నెయ్యి రాస్తూ, తిప్పుతూ, దాని పక్కనే కాపలా ఉండాలి. పందెం ముందు రాత్రుళ్లు ఎద్దు పక్కన కాపలా ఉన్నట్టే ఉండాలి. కొవ్వు కరిగి చిటపటలాడింది. వాసన వీధంతా అల్లుకుంది. ఏలీయా నోట్లో నీళ్లూరాయి. ఆ నీళ్లకి తన మీద తనకే రోత పుట్టి, పక్కకి తిరిగి ఉమ్మేశాడు. మళ్లీ ఊరాయి.

పన్నెండింటికి నందిగామ వాళ్లు కార్లు దిగారు. పాస్టరుగారు ప్రార్థన చేశాడు, ఉంగరాలు మార్చుకున్నారు. ఆ వేళకి తిరుపతిరావుగారు కూడా పళ్లబుట్టతో వచ్చాడు. షామియానా బయట కుర్చీ వేయించుకుని, సీలు తీయని కూల్‌డ్రింక్ మాత్రం తీసుకున్నాడు. ఈ ఇంట మంచినీళ్లు ముట్టడు.

"ఏరా ఏలీయా, వాసన హైవే దాకా కొడుతోంది! మాకా యోగం లేదు గానీ" అని నవ్వాడు.

ఏలీయా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యా, పాలోడు ఎట్టా ఉన్నాడండి?"

"వాడికేంరా, దొర. నిన్ననే గోశాలకి ఫోన్ చేసి కనుక్కున్నా. గడ్డి బాగా తింటున్నాడంట."

అబద్ధం చెప్పడానికి ఆయన కళ్లయినా వాల్చలేదు. ఈ లోకంలో అదొక సదుపాయం. అమ్మినవాడి చేతికి నెత్తురంటదు, తిన్నవాడి మూతికే అంటుకుంటుంది. ఏలీయాకి గొంతుదాకా వచ్చింది, అక్కడే అందరి ముందూ అరిచేద్దామని. కానీ షామియానా అంచున కుర్చీలో ఫ్రాన్సిస్ చెవి ఇటే పడేసి ఉన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. "సంతోషమండి" అని లోపలికి వచ్చేశాడు.

విస్తళ్లు పరిచారు. డొక్కని పళ్లెంలో పెట్టి మధ్యకి తెచ్చారు. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఇంతవరకు ఆ ఇంట ఎన్నడూ కుదరనంత బాగా కుదిరింది. అందరూ ఏలీయా వంక చూశారు. జాయిస్ కూడా చూసింది. నాన్న ఎందుకు ఆలస్యం చేస్తున్నాడో తెలియక ఆ పిల్ల మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గడం ఏలీయా కళ్లబడింది.

నాలుగో ఎముక పట్టుకుని విరిచాడు. అది ఇంకొకరి విస్తట్లో పడితే తట్టుకోలేడు. కొరికాడు. మాంసం ఎముక నుంచి మెత్తగా ఊడొచ్చింది. నమిలాడు. మింగాడు. చప్పట్లు కొట్టారు. లూర్దమ్మ మంచినీళ్ల చెంబు నెపంతో వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఒక్క ముక్క మిగల్లేదు. ఫ్రాన్సిస్ మూడో ఎముక కూడా చీకి పక్కన పెట్టి, జీవితంలో మొదటిసారి ఏలీయా భుజం మీద చెయ్యి వేశాడు.

"తక్కువ అంచనా వేశాను బావగారూ, తప్పు నాదే. పెళ్లికి కూడా మీ చేత్తో ఇదే ఉండాలి. మా వైపు వాళ్లందరికీ మీ వంట రుచి చూపించాలి. ఇలాంటి ఎద్దు మళ్లీ దొరుకుతుందా?"

దొరకదు అనేస్తే సరిపోయేది. నాలుగక్షరాలు. ఏలీయా నోరు తెరిచాడు కూడా. ఎదురుగా జాయిస్, మామగారి నోట ఆ మాటలు విని, కళ్లనిండా నీళ్లతో బెన్ని వైపు చూసి నవ్వుతోంది. భుజం మీద ఫ్రాన్సిస్ చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"దొరుకుద్ది బావగారూ" అన్నాడు ఏలీయా. "దీని జోడీ ఉంది."

"అయితే ఇంకేం, ఖాయం చేసేయండి!" అన్నాడు ఫ్రాన్సిస్.

చుట్టాలు వెళ్లేసరికి పొద్దు వాలింది. ఏలీయా సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని, వాసన చూసుకుని, మళ్లీ కడుక్కున్నాడు. తర్వాత చుక్కోడికి కుడితి పెట్టే వేళ దాటిపోతోందని కొట్టం వైపు నడిచాడు.