పెళ్లి కర్వు

తెర మీది వంపుగీతకు అడుగున ఉన్న చుక్కను ఈరయ్య మౌస్‌తో పట్టుకుని వెంట్రుకవాసి కిందికి లాగాడు. పక్కన ప్రింటరు రొప్పుతూ ప్లాస్టిక్ షీటు మీద నలుపు, బూడిదరంగు గళ్ల పరీక్ష పట్టీని అచ్చువేసింది. పొద్దుటి నుంచి ఇది నాలుగో పట్టీ.

సిరోంచలో వానాకాలపు చెమ్మకు కంప్యూటరు ఫోటోలు రెండేళ్లకే వెలిసిపోతాయి. అందుకని గోడకు పెట్టుకునే ఫోటోలకు స్టూడియో యజమాని వెంకటనర్సయ్య పాత బ్రోమైడు కాగితమే వాడమంటాడు. ఈరయ్య బొమ్మలో నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా తిరగేసి షీటు మీద ముద్రిస్తాడు. దాన్ని కాగితంపై పరిచి, బల్బు వెలుగు చూపించి, మందునీళ్లలో కడుగుతాడు. షీటు మీద సిరా ఎక్కువ పడినచోట కాగితం తెల్లగా వస్తుంది. ఎక్కడ ఎంత పడాలో చెప్పేది ఆ వంపుగీత. స్టూడియోలో దాన్ని కర్వు అంటారు.

ఇరవై ఆరేళ్ల నౌకరీలో ఈరయ్య గొప్పగా చెప్పుకునేది ఒక్కటే, తాను నాలుగేళ్ల కింద తయారుచేసిన కర్వు. పెళ్లిచూపులకు పంపే ఫోటోల కోసం చేశాడు గనుక దానికి పెళ్లి అనే పేరు పెట్టాడు. ఎంత నల్లటి పిల్లయినా గోధుమవన్నెకు వచ్చేది. తల్లులు దండాలు పెట్టేవారు. రానురాను చెయ్యి అలవాటుపడి వచ్చినవాళ్లందరికీ అదే పెట్టాడు, చచ్చినవాళ్లకు కూడా. ఎవరూ కాదనలేదు, అతనూ అడగలేదు.

నిన్న జంగుబాయి వచ్చింది. పెర్మిలి నుంచి మిరప ఏరడానికి వచ్చిన మనిషి. మొగుడు పోయి నెలయింది. అతని ముఖం మిగిలింది ఓటరు కార్డు మీద ఒక్కటే. ఈరయ్య చేసి ఇచ్చిన ఫోటోను ఆమె చాలాసేపు చూసింది.

“గీయన మావోడు కాదన్నా. ఎవలో సేటు లెక్క ఉన్నడు.”

ఈరయ్య కార్డుతో పోల్చి చూశాడు. ముక్కు అదే, చెవులు అవే. ఎండకు మాడిన నలుపు, నుదుటి ముడతలు, చెంప మీది గాటు మాత్రం కొట్టుకుపోయాయి.

“మిషన్ తప్పక్కా. రేపు సరిజేసి ఇస్త,” అన్నాడు.

మిషను ఏ తప్పూ చేయలేదు. ఈ పొద్దున స్టూడియో తెరవగానే కొత్త కర్వు మొదలుపెట్టాడు.

పరీక్షకు నల్లటి ముఖం కావాలి. దుకాణంలో ఉన్నది తనదే. తన ఫోటో తీసుకుని పెళ్లి కర్వుతో ఒకటి, కొత్తదానితో ఒకటి కడిగాడు. రెండూ పక్కపక్కన పెడితే కన్ను తెల్లదాని మీదికే పోయింది. అదే బాగుందనిపించింది. తన ముఖమే తనకు పనికిరానిదైతే ఇక ఊరివాళ్ల ముఖాలు ఎన్ని చెరిపి ఉంటాడు? 

మధ్యాహ్నానికి, ఆరో పట్టీకి, గీత కుదిరింది. మందునీళ్లలో మొదట జంగుబాయి మొగుడి కళ్లు, తర్వాత నుదురు, చివరికి చెంప మీది గాటు తేలాయి.

జంగుబాయి మూట చంకన పెట్టుకుని వచ్చింది. మిరప పని అయిపోయింది, ఊరికి పోతోంది. తడి ఆరని ఫోటోలో గాటు మీద వేలు పెట్టింది.

“ఎలుగుబంటి గీరింది గిదే. ఇగ వచ్చిండు.”

ఆమే మళ్లీ అంది. “మిషన్‌ను ఏమనకన్నా. మేం గిట్ల ఉంటమని దానికేం ఎరుక.”

తప్పు నాదని చెప్పడానికి అదే అదను. ఈరయ్య నోరు తెరిచాడు. ఆమె ఎక్కాల్సిన అహేరి బస్సు మూడింటికేనా అని మాత్రం అడిగాడు. ఆమె తల ఊపి, ఫోటోను కొంగులో చుట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆమె పోయాక చూశాడు. ప్రింటరు మీద, మిషనుకని ఆమె పెట్టిపోయిన, మోదుగాకులో కట్టిన ఎండు ఇప్పపువ్వు పొట్లం ఒకటి ఉంది.