కొట్టేసిన జవాబు

కోత మిల్లులో అతన్ని అందరూ అంగుళం అంటారు. దుంగను కంటితో చూసి ఎన్ని పలకలు తేలతాయో చెప్పేస్తాడు, అంగుళం తేడా రాదు. టేపు గోడ మేకుకు వేలాడుతూ దుమ్ము పట్టిపోయింది.

ఆ మధ్యాహ్నం అతని ఇంగ్లీషు మాస్టారు చేతిలో సంచితో మిల్లు గుమ్మంలో నిలబడ్డారు. ముప్పై ఏళ్ళయింది చూసి. అంగుళం మిషను ఆపి, తలమీది రంపపు పొట్టు దులుపుకుంటూ ఎదురెళ్ళాడు.

"కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా మాస్టారూ! తలుపులకా, మంచానికా?"

"చెక్క కోసం రాలేదయ్యా."

దుంగలకు నంబర్లు రాస్తున్న అంగుళం కూతురు స్టూలు తెచ్చి వేసింది.

మాస్టారు కూర్చుని చెప్పుకొచ్చారు. మూడు రోజుల కిందట మనవరాలు ఫోనులో ఇంగ్లీషు క్విజ్ పెట్టింది, తాతను ఓడిద్దామని సరదా. ఒక మాటకి అర్థం అడిగితే ఈయన నొక్కిన జవాబు తప్పని ఎర్రబడింది, పక్కది ఒప్పని పచ్చబడింది. ఆ పచ్చబడిందే ఒకప్పుడు బడి పరీక్షలో అంగుళం రాసిన జవాబు. మాస్టారు దాన్ని అడ్డంగా కొట్టేశారు. ఒక్క మార్కుతో పరీక్ష పోయింది. అంగుళం ఆయన ఇంటి గుమ్మంలో నిలబడి ఏడ్చినా "తప్పు తప్పే" అన్నారు. చదువు అక్కడితో సరి. "మా మొద్దు వెళ్ళి మొద్దుల్లోనే చేరాడు" అని అతని తండ్రి పోయేదాకా, వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు.

"మూడు రోజులుగా ముద్ద దిగట్లేదు," అన్నారు మాస్టారు. "ఆ రోజు నేను కొట్టేసింది జవాబొక్కటే కాదు."

అంగుళం కూతురు ఫోను తీసింది. "ఆగండి తాతగారూ, ఇంకోచోట చూద్దాం."

అదే మాట పెట్టి వెతికితే ఇంకో క్విజ్ దొరికింది. అందులో మాస్టారి జవాబే పచ్చబడింది. ఆయన ముఖం విచ్చుకుంది. ఆ పిల్ల ఊరుకోకుండా మూడోది తెరిచింది. అక్కడ రెండూ ఎర్రబడ్డాయి.

"బాగుంది సంబడం! ఎవరు దిద్దారో, చూసి దిద్దారో చూడకుండానో, పేరన్నా లేదు. వీటిల్లో రోజూ తొంభై మార్కులు తెచ్చుకుని నేను మురిసిపోతున్నా నాన్నా!"

"దాని సంగతి వదిలెయ్యమ్మా," అన్నాడు అంగుళం. "మాస్టారూ, ఆ రోజు మీరు చూసి కొట్టేశారా, చూడకుండానా?"

మాస్టారు తలవంచుకున్నారు. ఆ రోజు బల్లమీద ఇంకా నలభై పేపర్లున్నాయి. నిఘంటువు బీరువా మీద ఉంది. లేచి అందుకోలేదు.

"చూడలేదు. నాకు తెలుసనుకున్నాను."

"మరి ఈ మూడు రోజులూ?"

"చూడటానికి భయమేసింది."

సంచిలోంచి అట్ట ఊడిన లావుపాటి నిఘంటువు తీశారు. ఇంట్లో తెరవలేనిది అతని ఎదుట తెరిచారు. వేలు పేజీ మీద కిందికి జారి ఆగింది. రెండు అర్థాలూ ఉన్నాయి. ఒకటి మాస్టారిది, దాని కిందే అంగుళంది.

ఆయన వేలు తియ్యకుండానే ఆ పిల్లవైపు తిరిగారు.

"మీ నాన్న రాసింది సరైనదేనమ్మా. నేనే చూడకుండా కొట్టేశాను."

కూతురు తండ్రి ముఖంలోకి చూసింది. అతను గోడవైపు తిరిగి, తువ్వాలుతో కళ్ళొత్తుకుంటూ "పాడు పొట్టు" అన్నాడు. ఇటు తిరక్కుండానే, "నాలుగేళ్ళు ముందొచ్చి ఉండాల్సింది మాస్టారూ. మా నాన్న ఉన్నప్పుడు," అన్నాడు.

మాస్టారు నిఘంటువు సంచిలో పెట్టుకుని నెమ్మదిగా వెళ్ళిపోయారు.

మిషను మీద దుంగ సిద్ధంగా ఉంది. అంగుళం దాన్ని కంటితో ఒకసారి చూశాడు. గోడ దగ్గరికెళ్ళి మేకుకున్న టేపు తీసి, దుమ్ము ఊది, కొలిచాడు.

"ఏంటి అంగుళం, చత్వారం వచ్చిందా?" అన్నాడు దుంగ పట్టుకున్న తోటివాడు.

అంగుళం మరోసారి కొలిచాడు. అప్పుడు మిషను వేశాడు.