ఎంగిలి బూర

ఫిజీ దీవుల్లో, లంబాసా చెరకు తోటల కూలి లైనులో పైడమ్మ కూతురు కుంతికి తట్టు పోసి తగ్గింది గానీ, చెవులు పోయాయి. పక్కన నిలబడి అరిస్తే ఉలిక్కిపడేది, మాట మాత్రం తెలిసేది కాదు. తోట అజమాయిషీ చూసే కొలంబరు దొర బంగళాలో గడ్డి కోయడానికి వెళ్ళిన పైడమ్మ మొగుడు పోతయ్య, దొరగారి ముసలితల్లి చెవికి బూర ఆనించుకొని కబుర్లు వినడం చూసి వచ్చి పెళ్ళానికి చెప్పాడు. మిల్లులో రేకుపని చేసే సుబ్రమణిని ఇద్దరూ బతిమాలారు. అతను కిరసనాయిలు డబ్బా కత్తిరించి అలాంటిదే ఒకటి అతికి ఇచ్చాడు. సన్న కొస కుంతి చెవిలో, వెడల్పు కొస మాట్లాడేవాళ్ళ మూతి దగ్గర.

ఇక ఆ గదిలో సందడే సందడి. లైనులో వాళ్ళంతా వంతులేసుకొని వచ్చి బూరలో ఏదో ఒకటి అనిపోయేవారు. పోతయ్య మత్తెక్కించే యాంగోనా రసం చిప్ప దింపి, ఆ తడి మూతితోనే పాటలు పాడేవాడు. పొయ్యి దగ్గర కూర్చొని, చేలో ఆ పూట ఎవరు ఎవరిని తిట్టారో పైడమ్మ పూసగుచ్చినట్టు చెబుతుంటే పిల్ల కిసుక్కున నవ్వేది.

ఆ ధైర్యంతోనే పైడమ్మ బూర పట్టుకొని కుంతిని ఏటిగట్టు మీది పాక బడికి తీసుకెళ్ళింది. బడికి పోని పిల్లలని, కూలీలను తోలే సర్దారు గడ్డి పీకే ముఠాలోకి లాగేస్తాడు. కూతురు ఆ ముఠాలో పడకూడదన్నదే పైడమ్మ పట్టుదల.

మాస్టరు రామ్ నారాయణ గిర్మిటు కూలి ఒప్పందం తీరిన మనిషి. పొడుగు బొట్టు, మెడలో కండువా. బూరను అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టేశాడు.

"ఇందులో ఎవరెవరు మాట్లాడారు, బహన్?" అని హిందుస్తానీలో అడిగాడు.

"అందరూనండి గురూజీ," అంది పైడమ్మ గర్వంగా.

"అయితే ఇది జూఠా. పది నోళ్ళు తగిలింది. నేను మూతి పెట్టను. పిల్లని కావాలంటే వెనక కూర్చోబెట్టు."

సంగతి విని పోతయ్య లేచాడు. "ఎంగిలంటాడేటి? ఓడలో ఆడికి యెండి గిన్నెలో వొడ్డించారేటి? అందరం ఒక్క బానలోదే కదా తిన్నాం! పదిమందిలో అడిగేస్తాను, ఉండు."

"అడుగు. నువ్వే గెలుస్తావు. గుంట గడ్డికి పోద్ది," అంది పైడమ్మ.

పోతయ్య కూలబడ్డాడు. "ఇంకోటి సేయిద్దుమంటే, సుబ్రమణిని అవతలి దీవిలో పెనాంగ్ మిల్లుకి పంపేసినారు."

పైడమ్మ బూరను బూడిదతో, చింతపండుతో తళతళలాడేలా తోమి, ఉతికిన గుడ్డలో చుట్టి మాస్టరు ముందు పెట్టింది. ఇకమీదట తమ ఇంట ఎవరి మూతీ దీనికి తగలదని పైడితల్లి మీద ఒట్టేసింది. అతను గుడ్డ విప్పి బూర అందుకున్నాడు. ఒక అక్షరం పలికాడు. కుంతి దాన్ని తిరిగి పలికింది.

చదువు సాగింది. ఇంట్లో బూర వాసానికి వేలాడింది. మొదటి సాయంత్రం కుంతి దాన్ని దించి తల్లి మూతికి పెట్టబోతే, పైడమ్మ వెనక్కి జరిగి తల అడ్డంగా ఊపింది. మర్నాడూ అంతే. ఎందుకో చెబుదామంటే బూరలోనే చెప్పాలి. చేతులు తిప్పి ఎంత చెప్పబోయినా పిల్లకి ఒకటే అర్థమైంది, అమ్మకి తన మీద కోపం అని. గోడవైపు తిరిగి కూర్చొనేది. కంచంలో అన్నం ఎండిపోయేది.

"పోనీలే, ఒక్క మాట సెప్పీవే, ఆడికేటి తెలుస్తాది!" అన్నాడు పోతయ్య.

"ఒట్టేశానయ్యా."

పిల్ల చిక్కిపోవడం చూడలేక పైడమ్మ చేనుకి నాగా పెట్టి బడికి వెళ్ళింది. "గురూజీ, మీకు తప్ప దీనితో మాట్లాడే దారి ఎవరికీ లేదు. అమ్మకి కోపం లేదని మీరే చెప్పండి. ఎందుకు మాట్లాడడం లేదో కూడా మీరే చెప్పండి."

రామ్ నారాయణ గొంతు సవరించుకున్నాడు. పిల్లలంతా పలకలు దించి చూస్తున్నారు. బూరలోకి వంగి మొదట ఒక మాట అన్నాడు. కుంతి తల్లివైపు చూసింది. అతను ఆగాడు. పైడమ్మ కదలలేదు. మళ్ళీ వంగి, ఈసారి చాలాసేపు చెప్పాడు. అతను ఏమన్నాడో పైడమ్మకి వినపడలేదు. పెదవులు మెల్లగా కదలడం, చెవులు ఎర్రబడడం మాత్రం కనిపించాయి.

కుంతి అతని చేతిలోంచి బూర లాక్కొంది. లేచి వచ్చి వెడల్పు కొసను తల్లి మూతికి ఆనించింది. పైడమ్మ మాస్టరు వంక చూసింది. అతను ఏటివైపు తిరిగి, "బోలో," అన్నాడు.

"అన్నం తినవే, నా తల్లీ," అంది పైడమ్మ బూరలో. 

ఆ రాత్రి కుంతి కంచం ఖాళీ చేసింది.

మర్నాడు బడిలో రామ్ నారాయణ బూర అంచుని కండువా కొసతో తుడిచి పాఠం మొదలుపెట్టాడు. తోమి తెచ్చారా అని అడగలేదు.