ఇరవై మూడో గేటు

మా అల్లుడు గారెట్ ఫిబ్రవరి బడి సెలవులకి ప్లాను వేస్తే కాగితం మీద రెండు వరసలుంటాయి. ఎడమ పక్క "హాడ్లీ నెగ్గితే", కుడి పక్క "నెగ్గకపోతే". నెగ్గడమంటే మొదటి స్థానం రావడం కాదు. సెలవులు మొదలైన ఆదివారం మా కొండ మీద జరిగే స్కీ పోటీలో మొదటి పదిమందిలో ఉంటే చాలు. ఆ పదిమందీ మర్నాడు పొద్దున్నే న్యూ హాంప్‌షైర్‌లో జరిగే పెద్ద పోటీలకి బయల్దేరతారు. శుక్రవారం దాకా అక్కడే.

శనివారం మధ్యాహ్నం కారు దిగుతూనే గారెట్ ఆ కాగితాన్ని మా ఇంటి ఫ్రిజ్‌కి అంటించాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను. కుడి వరసలో వారమంతా మా ఇల్లే. సోమవారం మంచు మీద నడక, మంగళవారం జింక మాంసం కూర, బుధవారం పేకాట, నా పేరు నాలుగుచోట్ల ఉంది. ఎడమ వరసలో హోటలు, స్కీలకి మైనం పూయడం, పరుగులు, మళ్ళీ మైనం. నా పేరు లేదు.

"నేనెక్కడున్నాను గారెట్?"

"ఎడమ పక్కా? మీరు ఇంట్లోనే అత్తయ్యా. కుక్కని హోటల్లోకి రానివ్వరు కదా."

నా కూతురు లోర్నా తడి చేతితొడుగులు పొయ్యి పైన తీగకి వేలాడదీస్తూ, "అమ్మా, మొదలుపెట్టకు," అంది.

"నేనేమన్నానే?"

"అనలేదు. ఊపిరి పీల్చావు. ఆ పీల్చడం నాకు తెలుసు."

చిన్న మనవరాలు జూనీకి ఏడేళ్ళు. దానికి పోటీలూ లేవు, పొట్టలో మాట దాచుకోవడమూ లేదు. కుర్చీలో కాళ్ళూపుకుంటూ, "అక్క ఓడిపోతే బాగుణ్ణని అమ్మమ్మ అనుకుంటోంది," అంది. "నేనూ అలాగే అనుకునేదాన్నే. కానీ ఆ హోటల్లో ఈతకొలను ఉందట."

"జూనీ!" అని లోర్నా అరిచింది.

పెద్దది హాడ్లీ మాత్రం నవ్వింది. పదమూడేళ్ళ పిల్ల. నేల మీద కూర్చుని స్కీల అంచులు ఆకురాయితో రుద్దుతోంది. "అమ్మమ్మ అలా అనుకోదే. రేపు గేట్లు కాసేది ఆవిడే కదా. ఏం అమ్మమ్మా?"

"అవునమ్మా," అన్నాను.

మా ఊళ్ళో పోటీ జరిగితే గేట్లు కాసేది పిల్లల తల్లిదండ్రులూ, తాతలూ అమ్మమ్మలే. గేటంటే వాలు మీద మంచులో పాతిన కర్ర; ఒక్కొక్కరికి నాలుగైదు అప్పజెపుతారు. పిల్ల రెండు కాళ్ళూ కర్రకి ఒకే పక్కనుంచి దాటాలి. ఒక స్కీ మొన కర్రకి అవతల పక్కన పడిందా, ఆ పరుగు పోయినట్టే. అది చూసి కార్డు మీద నంబరు వేసి, కాళ్ళు ఎటు వెళ్ళాయో బొమ్మ గీయాలి. ఆ బొమ్మ లేకపోతే మాట చెల్లదు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినా చేతికందిన కాగితమల్లా చదవడం మానలేదు. గేటు కాపలావాళ్ళకిచ్చే పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివినది ఈ కొండ మీద నేనొక్కదాన్నేనని తీబో అంటుంటాడు. తీబో అంటే మా గేటు వాళ్ళందరికీ పెద్ద, డెబ్భై దాటినవాడు, నా ఈడువాడే.

పోయినేడు కూడా ఇలాగే రెండు వరసలు. అప్పుడు మా ఆయన ఆరిన్ ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. వారం ఉంటారనుకున్నాడు. పిల్లలొస్తున్నారని నా చేత గడ్డం గీయించుకున్నాడు. హాడ్లీకి పదో స్థానం వచ్చింది. సోమవారం పొద్దున కారు వెళ్తుంటే ఆయన కిటికీ వైపు తల తిప్పమన్నాడు, తిప్పాను. బుధవారం పదకొండు గంటలకి లోర్నాకి ఫోన్ చేశాను, నాన్న ఊపిరి మారింది, రమ్మని. "రెండో పరుగు అయిపోగానే బయల్దేరతామమ్మా," అంది. రెండో పరుగు అయింది. హాడ్లీకి నలభై ఒకటో స్థానం. వాళ్ళు వచ్చేసరికి నేను ఆయన కాళ్ళు సరిచేసి దుప్పటి కప్పేశాను.

దాని గురించి మేమెవరమూ మాట్లాడుకోలేదు. లోర్నా ఒకసారి మొదలుపెట్టబోతే, కూర మాడుతోందని లేచి వెళ్ళాను. కూర మాడటం లేదు.

ఆదివారం సన్నగా మంచు పడుతోంది. పొద్దున్నే కొండ కింద గుడిసె ముందు తీబో మా అందరికీ కార్డులూ పెన్సిళ్ళూ పంచాడు.

"ఏటా చెప్పేదే. చూసిందే రాయండి. చూడలేదా, రాయొద్దు. అనుమానంగా ఉందా, పిల్లకే అనుకూలంగా వదిలెయ్యండి. ముక్కు కారుతుంది, చూపు పక్కకి పోతుంది, తప్పులేదు. ఊహించి రాస్తేనే తప్పు. వెర్నా, నీ మనవరాలొచ్చినప్పుడు కళ్ళు మూసుకోకు."

"నువ్వు ముందటేడు నిద్రపోయావు తీబో. నేను కళ్ళు మూసుకుంటే నీకేం?"

"నిద్ర కాదు, ఆలోచన."

"గురకపెట్టి మరీ ఆలోచించావు."

అందరూ నవ్వారు. నాకు ఇరవై ఒకటి నుంచి ఇరవై అయిదు దాకా గేట్లొచ్చాయి. వాలు అక్కడ ఉన్నట్టుండి కిందికి విరుగుతుంది. పైన నిలబడ్డవాళ్ళకీ కింద నిలబడ్డవాళ్ళకీ నా గేట్లు కనపడవు. వీడియో తీసే కోచ్‌లెవరూ అక్కడికి రారు. నేను పక్కవాటుగా జారుకుంటూ వెళ్ళి పైన్ చెట్టు కింద నిలబడ్డాను.

మొదటి పరుగులో హాడ్లీ ఆరో స్థానం. రెండో పరుగు ఒంటిగంటకి మొదలైంది. దాని నంబరు ముప్ఫై నాలుగు. విరుపు మీదనుంచి అది దూకినట్టు వచ్చింది. కర్రలు భుజానికి తగిలి టపటపా పడుతున్నాయి. నేను కాళ్ళు చూడాలి. కానీ దాని ముఖం చూశాను. పళ్ళు బిగించి, పెదవి ఒక పక్కకి పెట్టి, ఆరిన్ కట్టెలు కొట్టేటప్పుడు పెట్టే ముఖమే పెట్టింది. ఇరవై మూడో గేటు దగ్గర దాని కాళ్ళు ఎటు వెళ్ళాయో నేను చూడలేదు. మంచు ఎగిరింది, పిల్ల వెళ్ళిపోయింది.

కాసేపటికి కింద లౌడ్‌స్పీకర్లో చెప్పారు. ముప్ఫై నాలుగు, హాడ్లీ, రెండు పరుగులూ కలిపి అయిదో స్థానం. కింద తల్లిదండ్రులు ఊపే గంటల మోత. ఆ గంటల్లో లోర్నా గంట నేను గుర్తుపడతాను, ఆరిన్ ఆవుల మెడలోంచి తీసి ఇచ్చినది. ఆపకుండా వాయిస్తోంది.

రేపు పొద్దున ఏడింటికి కారు బయల్దేరుతుంది. నేను కుక్క మెడపట్టీ పట్టుకుని గుమ్మంలో నిలబడాలి.

నేను చేతితొడుగు తీశాను. కార్డు మీద ముప్ఫై నాలుగు వేసి, గేటు ఇరవై మూడు అని రాశాను. కర్రకి ఒక చుక్క, కుడి స్కీకి ఒక గీత, అది చుక్కకి లోపలినుంచి. ఎడమ స్కీకి ఇంకో గీత, చుక్కకి బయటినుంచి. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే గీశాను. చేతితొడుగు మళ్ళీ వేసుకున్నాను.

పోటీ అయ్యాక తప్పిన నంబర్ల జాబితా గుడిసె తలుపుకి అంటించారు. పావుగంటలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పుకోవచ్చు. హాడ్లీ కోచ్ డెల్లా పాతికేళ్ళ పిల్ల, పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను లోపలికి పిలిచారు.

"ఆ గేటు దగ్గర ఎడమ కాలు బయటపడితే పిల్ల తూలాలి," అంది డెల్లా. "తూలలేదు. సమయం చూడండి, వేగం ఎక్కడా తగ్గలేదు. ఈవిడ పొరబడి ఉండొచ్చు కదా?"

తీబో కార్డు నా ముందు పెట్టాడు. "వెర్నా, చూశావా?"

"చూశాను."

"ఏ కాలు?"

"ఎడమది. మొన బయటపడింది. తూలింది కూడా. కొంచెమే. పిల్ల గట్టిది, నిలదొక్కుకుంది."

"అనుమానమేమైనా ఉందా?"

"ఉంటే రాసేదాన్నా?"

తీబో డెల్లా వైపు తిరిగాడు. "ఏమ్మా, నలభై ఏళ్ళుగా గేట్లు కాస్తున్నాను. సొంత పిల్లని చూసీ చూడనట్టు వదిలేసినవాళ్ళని పాతికమందిని పట్టుకున్నాను. సొంత మనవరాలిని పట్టిచ్చిన మనిషిని ఇవాళే చూశాను. ఈవిడ అబద్ధం చెప్పదలిస్తే ఇటు చెప్తుందా, అటు చెప్తుందా?"

డెల్లా తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది. తీబో నా భుజం తట్టాడు. బయటికొస్తే ఇద్దరు ముగ్గురు వచ్చి నాకు చెయ్యి కలిపారు. ఒకావిడ వేడి కాఫీ తెచ్చిచ్చింది. తాగాను.

లోర్నా బండి నిలిపేచోట పట్టుకుంది నన్ను. "ఒక్కసారి, ఒక్క సెకను పక్కకి చూడలేకపోయావా అమ్మా? పక్కవాళ్ళ పిల్లకి చేస్తావు ఆ మేలు. నీ మనవరాలికి చెయ్యవా?"

"చూసిందే రాయమన్నారు."

"నువ్వూ నీ పుస్తకమూ! దాన్ని చూశావా? దాని ముఖం చూశావా నువ్వు?"

చూశాను అనబోయి ఆగాను.

హాడ్లీ కారులో వెనక సీట్లో హెల్మెట్టు తియ్యకుండా కూర్చుంది. ఏడవలేదు. "అమ్మమ్మని తిట్టకమ్మా," అంది. "ఆవిడ లేనిది చెప్పదు. నాకే తెలియలేదు. నేను సరిగ్గానే దాటాననుకున్నాను. నా కాలు బయటికి వెళ్తే నాకెందుకు తెలియలేదు?"

గారెట్ బండి తీశాడు. జూనీ ఒక్కతే, "అయితే ఈతకొలను లేనట్టేనా?" అంది.

వారం నాదైంది. సోమవారం మంచు మీద నడిచాం. మంగళవారం జింక మాంసం కూర వండాను, గారెట్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. లోర్నా మొదటి రోజు ముభావంగా ఉంది, రెండో రోజు గిన్నెలు తుడుస్తూ నాన్న గురించి ఏదో అని నవ్వింది. అయిదు పళ్ళేలు బల్ల మీద పెడుతుంటే నా గుండె దడ తగ్గడం గమనించాను. ఏడాదిగా ఆ దడ లేని రోజు లేదు. మంచం మీద పడుకుని పైగదిలో పిల్లల కాళ్ళ చప్పుడు విన్నాను. చెప్పేద్దామని ఒకటికి రెండుసార్లు అనుకున్నమాట నిజమే. చెబితే లోర్నా ఆ పూటే సామాను సర్దేస్తుంది, ఇక ఈ గుమ్మం తొక్కదు. అది తలచుకుని అటు తిరిగి పడుకున్నాను.

హాడ్లీ మాత్రం రోజూ కొండ మీదికి వెళ్ళి త్వరగా తిరిగొచ్చేసేది. నెగ్గని పిల్లల కోసం కొండ మీదే ఉండిపోయిన డెల్లా బుధవారం గారెట్‌కి ఫోన్ చేసింది. పిల్ల ప్రతి గేటుకీ ముందు నెమ్మదిస్తోందట. దాటాక మెడ తిప్పి వెనక్కి చూసుకుంటోందట. ఆ వేగంలో వెనక్కి చూస్తే మెడ విరుగుతుందని తిట్టిందట. "సర్దుకుంటుందిలెండి," అని గారెట్ పెట్టేశాడు. నాతో, "సర్దుకుంటుందంటారా అత్తయ్యా?" అన్నాడు.

"చిన్నపిల్ల. సర్దుకోకేం?" అన్నాను.

గురువారం అది నా దగ్గరికొచ్చింది. "అమ్మమ్మా, నాతో వస్తావా? పిల్లల వాలు మీద ఒక కర్ర పాతుకుంటాను. నువ్వు నిలబడి చూసి చెప్పు. నా కాళ్ళ మాట నేను నమ్మలేకపోతున్నాను."

వెళ్ళాను. అది జూనీ ఈడు పిల్లలు జారే చోట కర్ర పాతి, పైకెక్కి, మెల్లగా జారుతూ వచ్చింది. కర్ర దాటి ఆగింది.

"దాటానా?"

"దాటావు."

"రెండు కాళ్ళూ?"

"రెండూ."

మళ్ళీ పైకెక్కింది. మళ్ళీ వచ్చింది. ఐదేళ్ళ పిల్లలు దాన్ని దాటుకుని పోతున్నారు. ఒకడు ఆగి, "నీకు రాదా?" అని అడిగాడు. "వచ్చేది," అంది హాడ్లీ వాడితో. పదకొండుసార్లు అలా చేసింది. ప్రతిసారీ నా ముఖంలోకి చూసింది, నేను తలూపేదాకా కదల్లేదు. పదకొండోసారి కర్రని ఆనుకుని నిలబడి ముక్కు తుడుచుకుంది.

"నిజంగా చూస్తున్నావా అమ్మమ్మా? నేను బాధపడతానని దాటావనడం లేదు కదా?"

"నేనలా అంటానా?"

"అనవు," అంది. "అందుకే నిన్ను పిలిచాను. అమ్మ అయితే అబద్ధం చెప్తుంది."

నా కాళ్ళు మంచులో మొద్దుబారాయి. ఇప్పుడు చెప్పొచ్చు. అక్కడెవరూ లేరు, చుట్టూ చిన్నపిల్లలు తప్ప. అది నా చేతితొడుగు మీద పడ్డ మంచు దులిపింది.

"రేపు కూడా వస్తావా? రేపు, ఎల్లుండి మేం వెళ్ళేదాకా? నువ్వు లేకపోతే నేను చెయ్యలేను."

"వస్తాను," అన్నాను.

అది పన్నెండోసారి పైకెక్కుతుంటే దాని వెనకే చూస్తూ నిలబడ్డాను. ఇక నన్ను వదిలి ఎక్కడికీ పోవడం ఈ పిల్ల వల్ల కాదు అనిపించింది. ఆ క్షణాన నాకు సంతోషంగానే ఉంది.