ఆర్పిన కర్పూరం

"అది నా పుట్టింటి పళ్లెం. పెండ్లిలో మా నాయన మీ కాళ్లు కడిగిన పళ్లెం. ఇయ్యను గాక ఇయ్యను," అంది సరస్వతి పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ.

"పొద్దున్నుంచి ఇదే పాట. నేనేమన్నా అమ్ముకోను పోతాండానా? కాసేపు గుడికాడికి. మళ్లా తెచ్చి నీ గూట్లోనే పెడతా," అన్నాడు ఆమె భర్త, గుడి పూజారి పద్మనాభయ్య.

"గుడికి పళ్లెం ల్యాదా?"

"దానికి చిల్లి పడింది. కళాయి పోసే వలి బాషా దగ్గరుంది. నీకు తెలిసే అడుగుతాండావు."

"ఒక్క చిల్లికి ఇన్ని దినాలా?"

"ఒకనాడు బొగ్గు తడిసిందంటాడు, ఒకనాడు తగరం ల్యాదంటాడు."

గడపలో కూర్చుని విస్తరాకులు కుడుతున్న మీనాక్షమ్మ ఫక్కున నవ్వింది. "వాడు కావాలనే పెట్టుకున్యాడు లేరా నాయనా. పళ్లెం ల్యాకుంటే ప్రమాణమే ల్యాదనుకున్యాడు పిచ్చోడు. పెద్దాయన తలుచుకుంటే కర్పూరం తమలపాకు మీదైనా వెలిగిస్తాడు."

అత్త మాట విని సరస్వతి పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. పద్మనాభయ్య గూట్లోంచి పళ్లెం తీసుకుని, పైపంచెలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

లింగాలకు అవతల ఉన్న ఆ చిన్న ఊరికి ఓట్లు కొత్త కాదు. కానీ అరవై రెండులో వచ్చిన పద్ధతి కొత్త. అంతకుముందు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు, చుట్టూ తెర. చీటీ ఏ పెట్టెలో పడిందో చూసేవాడు లేడు కాబట్టి, ఊరిని శాసించే పెద్దాయన మనుషులు ఆడవాళ్లను చీటీ పెట్టెలో వేయకుండా రవికలో దోపుకుని బయటికి తెమ్మనేవారు. బడి వెనక ఒకడు గోనెసంచి పట్టుకుని నిలబడేవాడు. చీటీ వేసిన చేతిలో బెల్లంగడ్డ పడేది. సాయంత్రం నమ్మకస్తుడొకడు లోపలికి పోయి చీటీలన్నీ పెద్దాయన పెట్టెలో కుక్కి వచ్చేవాడు. ఇలాంటివి జరుగుతున్నాయని పైవాళ్లకు తెలిసినట్లుంది, ఈసారి పద్ధతి మార్చారు. కాగితం మీదే అందరి గుర్తులూ ఉంటాయి. చాటున నిలబడి ముద్ర వేసుకోవాలి. మడిచి, ఆఫీసరు కళ్ల ముందే ఉన్న ఒక్క పెట్టెలో వేయాలి. కాగితం బయటికి రాదు.

"కాగితం మన చేతికి రాకపోతే మాట రావల్ల," అన్నాడట పెద్దాయన. అందుకే ఈ కర్పూరం. పూజారి పళ్లెంలో వెలిగిస్తాడు. మనిషి 'నా ఓటు పెద్దాయన చెప్పిన గుర్తుకే' అని, అరచేత్తో మంట ఆర్పాలి. మాట తప్పితే ఆ ఇంట్లో దీపం అలాగే ఆరిపోతుంది. ఆ భయం ఊళ్లో తాతల నాటిది. పొలం గట్ల తగాదాలూ దొంగతనాలూ ఆ మంట ముందే తేలేవి. కర్పూరం మీద అబద్ధమాడిన వాళ్లను ఊరు ఎరగదు.

ఆ సాయంత్రం గుడి ముందర మగవాళ్లు, ఒక్కొక్కరి వెనక వాళ్లింటి ఆడవాళ్లు వరస కట్టారు. సరస్వతి కూతురు అనసూయను చంకనేసుకుని దూరంగా నిలబడింది. పూజారి ఇంటివాళ్లను ప్రమాణం చేయమని ఎవరూ అడగలేదు. పళ్లెం పట్టినవాడి ఇల్లే కదా, వేరే మాట ఎందుకు అనుకున్నారు.

వలి బాషా వంతు వచ్చింది. "మా దేవుడు వేరే గదా సామీ, మేము పీర్ల చావిడికాడ చేస్తాం లే," అన్నాడు.

"అగ్గికి కులముందా బాషా? కానీ," అన్నాడు పెద్దాయన మనిషి.

"అట్లయితే సరేప్పా. కళాయి పోసే చేయి ఇది. దీనికి కాలేది ఏం తెలుస్తాది!" అని నవ్వుతూ మంట ఆర్పాడు. అతని వెనక భార్య హజరాబీ వచ్చింది. ఆమె నవ్వలేదు. అరచేయి మంట మీద పెట్టి కళ్లు గట్టిగా మూసుకుంది. ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డ కూతురు మైమూన్, సరస్వతి చంకలో ఉన్న అనసూయను చూసి నాలుక బయటపెట్టింది. ఆ పిల్లలిద్దరూ పొద్దస్తమానం వలి బాషా కొలిమి పక్కన గిన్నెమూతలతో ఆడుకునేవారు.

ఓట్లనాడు బడిలో సరస్వతికి అసెంబ్లీకొకటి, పార్లమెంటుకొకటి, రెండు కాగితాలిచ్చారు. అట్టల చాటుకు వెళ్లింది. ఒక బల్ల, ఒక ముద్ర, తను. అత్త లేదు, భర్త లేడు, గోనెసంచి పట్టుకున్నవాడు లేడు. పెండ్లయిన తర్వాత ఎవరూ చూడని చోట తను ఒక పని చేయడం అదే మొదలేమో అనిపించింది. నీళ్ల బావికి మోటరు పెట్టిస్తానని ఊరూరా తిరిగిన అవతలివాడి గుర్తు మీద ముద్ర గుద్దింది. 

పెద్దాయన మనిషే గెలిచాడు. కానీ కడపలో లెక్కించినప్పుడు ఈ ఊరి పెట్టెలో అవతలివాడికి పడిన ఓట్లు కూడా బయటపడ్డాయి. ఎక్కువేం కాదు. అయినా కర్పూరం ఆర్పిన ఊళ్లో ఒక్క ఓటైనా అటు ఎలా పోతుంది? ఎవరు వేశారో కాగితం చెప్పదు. ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకోసాగింది.

అప్పుడే మైమూన్‌కు జ్వరం తగిలింది. గొంతు వాచి నీళ్లు దిగలేదు. పులివెందుల డాక్టరు చూసి వెంటనే ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. బస్సు ముద్దనూరు దాటకముందే బిడ్డ వలి బాషా ఒళ్లో చల్లబడింది.

ఊరికి జవాబు దొరికింది. "దేవుడే చూపించినాడు" అన్నారు. పెద్దాయన చేయెత్తలేదు, మాట అనలేదు. అతనికి ఆ అవసరమే రాలేదు. వలి బాషా ఇంటికి కళాయికి గిన్నెలు రావడం మానేశాయి. బావికాడ హజరాబీ వస్తే మిగతా ఆడవాళ్లు బిందెలెత్తుకుని పక్కకు జరిగేవారు.

ఒకనాడు వలి బాషా గుడి పళ్లెం పట్టుకుని పూజారి ఇంటి వాకిట్లోకి వచ్చాడు. లోపలి నుంచి సరస్వతి వింటోంది. చిల్లి అతికింది, పళ్లెం అద్దంలా ఉంది. "సామీ, దుడ్లు వద్దు. ఒక్క మాట చెప్పు. పిల్లోళ్లను చంపే పని దేవుడు చేయడని గుడికాడ ఒక్కసారి చెప్పు. నా కోసరం కాదు. ఇంట్లో అది అన్నం ముట్టడం ల్యా."

పద్మనాభయ్య పళ్లెం అందుకుని, చిల్లి అతికిన చోట వేలితో తడిమాడు. "నేనెట్ల చెప్పేది బాషా! ఆ మాట చెప్తే రేపు గుడికి ఎవురొస్తారు?" అన్నాడు. వలి బాషా వెనుదిరిగి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం సరస్వతి గిన్నెలో మజ్జిగన్నం కలుపుకుని వాళ్లింటికి వెళ్లింది. హజరాబీ ఆరిపోయిన కొలిమి పక్కన కూర్చుని ఉంది. గిన్నెమూతలు అక్కడే పడి ఉన్నాయి.

"లేమ్మీ, రెండు ముద్దలు తిను. జ్వరమొచ్చింది, పోయింది. నువ్వేం చేస్తావు?"

"నేనే చేసినా సరస్వతమ్మా," అంది హజరాబీ, గొంతులో తడి లేకుండా. "మా ఆయన పెద్దాయన చెప్పిన గుర్తుకే వేసినాడు. నేను వేయల్యా. ఆడ ఎవురూ ల్యారు గదా అని అవతలి గుర్తుకు గుద్దినా. ఎవురూ చూడరనుకుంటి. దేవుడు చూసినాడు."

సరస్వతి వాకిలివైపు ఒకసారి చూసి ఆమె చెవి దగ్గరికి వంగింది. "నేనూ దానికే గుద్దినా హజరాబీ. అదే గుర్తు. చూడు, నా అనసూయ నిక్షేపంగా ఉంది. పాప నీవల్ల పోల్యా."

హజరాబీ తలెత్తింది. క్షణంపాటు ఆ కళ్లలో ఏదో వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

"నువ్వు కర్పూరం ఆర్పల్యా గదమ్మా," అంది.

సరస్వతి అన్నంగిన్నె పట్టుకుని అలాగే తిరిగొచ్చింది.

వారం తిరక్కముందే పెద్దాయన దగ్గర నుంచి కబురొచ్చింది. ఒక్క ఇల్లు తేలింది గానీ మిగతా ఓట్ల సంగతి తేలలేదు. రేపు గుడి ముందర అందరూ మళ్లీ ప్రమాణం చేయాలి, 'నేను మాట తప్పలేదు' అని. ఈసారి పూజారి ఇల్లు కూడా.

ఆ రాత్రి అందరూ అన్నాలకు కూర్చున్నారు. మీనాక్షమ్మ అనసూయకు పప్పన్నం ముద్దలు చేసి పెడుతోంది. పద్మనాభయ్య తల వంచుకుని తింటున్నాడు. సరస్వతి అతని విస్తట్లో చారు పోసింది.

"రేపు గుడి పళ్లెం వద్దు. నా పుట్టింటి పళ్లెమే తీసుకపోండి," అంది.

మీనాక్షమ్మ ఎగతాళిగా మూతి తిప్పింది. "అప్పుడు అంత రభస చేస్తివి. ఇప్పుడేందే ఈ దానం?"

"మొదట నేనే ఆర్పతా. అనసూయను ఎత్తుకోని ఆర్పతా. మాట తప్పల్యా అని చెప్తా."

"చెప్పల్ల మరి. తప్పినదానివా ఏంది?"

"తప్పినా అత్తా. అవతలోనికే వేసినా."

మీనాక్షమ్మ చేతిలో ముద్ద జారి నేల మీద పడింది. పద్మనాభయ్య తలెత్తాడు. "సరస్వతీ! అబద్ధం కర్పూరం... బిడ్డనెత్తుకోని..."

"తెల్సు," అంది సరస్వతి. "నాకు భయం ల్యాదని చెప్పను. కానీ నేనేం వేసినానో ఆ హజరాబీకి ఒక్కదానికి తెల్సు. రేపు ఆమె వరసలో నిలబడి చూస్తాది. తర్వాత దినామూ మన అనసూయ వీధిలో ఆడుకుంటాంటే చూస్తాది. మీరు గుడికాడ చెప్పలేని మాట ఆమెకు అట్లయినా తెలుస్తాది."

అనసూయ నేల మీద పడ్డ ముద్దను చూపించి, ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది. సరస్వతి కూతుర్ని తన ఒళ్లోకి లాక్కుంది. పప్పన్నం కలిపి, తనే ఆ ముద్ద పెట్టింది.