సిరా కుదిరే దాకా

మా ప్రెస్సులో మంచి కాగితాన్ని మొదటే మెషిన్‌కి పెట్టం. సిరా కుదిరే దాకా ఓ యాభై కాగితాలు పాడవుతాయి. అందుకని ఇంతకుముందు చెడిపోయినవాటినే మళ్ళీ మళ్ళీ పెడతాం. పెళ్ళి పిలుపు మీద చెప్పుల ప్రకటన, దాని మీద బడి ప్రశ్నపత్రం పడుతూ ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా ఆ మెషిన్ నడిపేది నేనే. నలుపు నలుపుగా వస్తోందా లేదా అన్నదే చూస్తాను తప్ప, దేని మీద ఏం పడిందో చదువుతూ కూర్చోను. తెలియనివాడికి అది పిచ్చివాడి రాత. మాకు వట్టి చిత్తు.

ఆ చిత్తులో ఒక్క కాగితం మా అన్నయ్యను పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టింది.

జరిగింది ఇంతే. మందిరం వాళ్ళ ప్రార్థన పుస్తకం వేసినప్పుడు చెడిపోయిన కాగితాల మీద, మరుసటి వారం మా దగ్గరే అచ్చేయించుకునే మాస్టారి పత్రికకి సిరా కుదుర్చుకున్నాను. దేవుడి స్తోత్రానికి అడ్డంగా, వేలెడంత అక్షరాలతో ‘కానుకలు ఎవరి జేబులోకి?’ అన్న పత్రిక శీర్షిక పడింది. ఆ చిత్తును ఇనుప సామాన్ల కొట్టుకి తూకానికి వేశాం. కొట్టువాడు అందులో మేకులు పొట్లం కట్టి, పోయి పోయి మందిరం పెద్ద చేతికే ఇచ్చాడు. ఊళ్ళో మేకులు కొనేవాడు ఇంకొకడు లేనట్టు!

మతాన్ని కావాలని అవమానించారని కేసు. రుజువైతే మూడేళ్ళు జైలు. ప్రెస్సు అన్నయ్య పేరున ఉంది కాబట్టి పొద్దున్నే వచ్చి ఆయన్ని తీసుకుపోయారు.

వాళ్ళటు వెళ్ళగానే వదిన నా మీద విరుచుకుపడింది.

“మాస్టారే అలా వెయ్యమన్నాడని వెళ్ళి చెప్పు. వాళ్ళకి కావాల్సింది ఆయనే. మీ అన్నయ్య సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.”

“ఆయన వెయ్యమనలేదు వదినా.”

“వెయ్యమనే రకం కాదా?”

రకమే. ఆయన పత్రిక మీద మందిరం వాళ్ళు ఎన్నిసార్లు కేసు పెట్టినా నిలవలేదు. నాకూ ఆయనంటే గిట్టదు. బడి నుంచి రిటైరయ్యాడు గానీ ఆ నోటికి రిటైర్మెంటు లేదు. అక్షరం తేడా వస్తే మెషిన్ దగ్గరకొచ్చి నలుగురిలో అరుస్తాడు. పని మొదలుపెట్టేముందు నేను దణ్ణం పెట్టుకుంటే, “మెషిన్‌కి కావాల్సింది నూనె, దణ్ణం కాదు” అని వెటకారం. ఆయన రాతలు వేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా చెయ్యని పని చేశాడని చెప్పడానికి నోరు రాలేదు.

“అన్న కన్నా ఆ ముసలాడే ఎక్కువైపోయాడు నీకు,” అంది వదిన. ఆ మాటకి చెంపదెబ్బ కొట్టేదాన్నే, పెద్దదని ఊరుకున్నాను.

ఉన్న సంగతి చూపిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. మూలన మిగిలిన చిత్తు కట్టను చంకన పెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను.

అన్నయ్య గోడవారగా బెంచీ మీద ఉన్నాడు, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా మందిరం పెద్ద కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. నేను బల్ల మీద కట్ట విప్పాను.

“చూడండి సార్, అన్నీ ఇలాగే ఉంటాయి. సిరా కోసం వేసినవి. ఎవరినీ ఏమీ అనడానికి కాదు.”

ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కటే తిరగేశాడు. మందిరం పెద్ద మెడ సాచి చూసి కప్పు కింద పెట్టేశాడు.

“దేవుడి పేరు మీద చెప్పులు! ఇదిగో, దీని మీద ఎలుకల మందు!”

ఇన్‌స్పెక్టర్ ప్రార్థన ఉన్నవాటిని వేరుగా పేర్చి లెక్కపెట్టాడు.

“పదిహేడు. ఒక్కటైతే పొరపాటనుకునేవాణ్ణేమో. పదిహేడంటే పనిగట్టుకుని చేసినట్టే.”

నా తెలివి అలా తెల్లారింది. అప్పుడే మాస్టారు రొప్పుతూ వచ్చాడు. విషయం వినగానే నా పక్కకి చేరాడు.

“భయపడకమ్మా. కావాలనే వేశానని చెప్పు. మాట్లాడే హక్కు కోసం పై కోర్టు దాకా వెళ్దాం. ఇన్నాళ్ళకి మంచి కేసు దొరికింది.”

“కావాలని వెయ్యలేదు మాస్టారూ.”

“అలా అంటే కేసులో పస ఏముంటుంది?” అని విసుక్కున్నాడు.

“ఇవి వేసింది మీరేనా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నేనే.”

“నోర్ముయ్యవే!” అని అన్నయ్య బెంచీ మీంచి లేచాడు.

“నాటకాలు సార్. దేవుడంటే కసి లేకపోతే చెయ్యెలా వస్తుంది?” అన్నాడు మందిరం పెద్ద.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన మందిరం ప్రార్థన పుస్తకం వెయ్యి కాపీలు మరక లేకుండా తీసింది ఈ చేతులే.

“చిత్తు కాగితం మీద చెప్పుల బొమ్మ పడితే పరువు పోయే దేవుడైతే ఆయన్ని మీరే ఉంచుకోండి. నేను దణ్ణం పెట్టే దేవుడు పొట్లాలు విప్పి చూసుకుంటూ కూర్చోడు. అంత తీరిక మీకే ఉంది!”

మందిరం పెద్ద మొహం వెలిగిపోయింది. మాస్టారి మొహమూ వెలిగిపోయింది. రెండు మొహాలూ అచ్చం ఒకేలా ఉండటం చూసి నాకు అసహ్యం వేసింది.

“రైటర్, రాసుకో. ఉన్నదున్నట్టు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. అన్నయ్య వైపు తిరిగి, “మీరు వెళ్ళొచ్చు,” అన్నాడు. అన్నయ్య కదల్లేదు.

రైటర్ రాసింది చదివి వినిపించాడు. ఒక్క ముక్క కూడా వదల్లేదు.

“ఇవి మీ మాటలేనా? నోరు జారిందంటే ఇప్పుడే చెప్పండి.”

అన్నయ్య వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

“ఆ కాగితాల మీద ఉన్నవి నా మాటలు కావు సార్. ఇవి నావే,” అని సంతకం పెట్టాను.